తెర కట్టిన బస్సు

మా మేనకోడలు ఈమధ్య హోసూరులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరింది. చేరిన కొత్తలోనే ఫోన్ చేసి, "మామా, నువ్వు బతుకంతా ఇదే పని చేసినావు గదా, ఇందులో అన్నిటికన్నా కష్టమైంది ఏందో చెప్పు" అని అడిగింది. "జనాన్ని బస్సెక్కించేది" అన్నాను. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. "ఎక్కించేదేముంది మామా? తలుపు తీస్తే వాళ్లే ఎక్కుతారు!"

తలుపు తీస్తే ఎక్కుతారట! ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. తమిళనాడులోని ధర్మపురి బస్టాండు దగ్గర టీ కొట్టు మీది మేడలో కూర్చుని, పెళ్లిళ్లకూ యాత్రలకూ సెలవులకూ బస్సులు మాట్లాడి, కుటుంబాలకు కుటుంబాలను ఊరు దాటించి, మళ్లీ భద్రంగా వాకిట్లో దించినవాణ్ణి నేను. ఇంజను చెడితే మెకానిక్ ఉంటాడు. టైరు పగిలితే ఇంకో టైరు ఉంటుంది. ఒక పెద్దమనిషి బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు నేల మీదే ఉంచి "నేను రాను" అంటే దానికి స్టెప్నీ ఏముందో చెప్పమనండి.

అందుకే, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఎందుకు పెరగలేదో ఇందులో ఉండదు. అది నా ఏడుపు, మీకెందుకు? ఇంకో మాట. మా తరంలో ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు నాకు పెళ్లయ్యాక మా ఆవిడ నేర్పింది. ఆమె కుప్పం మనిషి. తప్పులు కనిపిస్తే ఆమెనే అడగండి.

మా ఓనరు

మా ఓనరు షణ్ముగం అరవాయన. మంచివాడే. ఇంజను శబ్దం విని ఏ నట్టు వదులైందో చెప్పేసేవాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూసి మాత్రం ఏమీ చెప్పలేకపోయేవాడు. ఆయనకు రెండు రూళ్లు ఉండేవి. మొదటిది, కడుపు నిండని మనిషికి చెడ్డ కబురు చెప్పకు. ఇది బంగారం లాంటి మాట, ఇవాళ్టికీ పనికొస్తుంది. దారిలో బండి ఆగిపోతే మొదట తినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టండి, తర్వాత నోరు విప్పండి.

రెండోది, ముందు పేరిచ్చినవాళ్లకు ముందు సీటు. సినిమా హాలు పద్ధతి. ఇది వినడానికి న్యాయంగానే ఉంటుంది. ముక్కూ ముఖం తెలియనివాళ్లకు న్యాయమే కూడా. అత్తా, మామా, బావా, మరదలూ ఒకే బండిలో ఎక్కేచోట మాత్రం ఇలాంటి రూలు కొంప ముంచుతుంది. ఎలా ముంచుతుందో ముందు ముందు చెబుతాను.

"మీ ఇష్టం" అనేవాళ్లు

ఈ పనిలో చేరిన కొత్తలో కొందరు స్నేహితులు భార్యాబిడ్డలతో సెలవులకు పోదామని మా ఆఫీసుకు వచ్చారు. అందరూ పంతుళ్లే. ఎక్కడికి పోదామంటే ఒక్కొక్కరూ "మీ ఇష్టం" అన్నారు. ఆహా, ఎంత మంచివాళ్లు అనుకుని ఏర్కాడు తీసుకుపోయాను. కొండ దిగేటప్పటికి ఒకాయన ఊటీ అనుకున్నానన్నాడు. ఇంకొకాయన తనకు చలి పడదన్నాడు. మూడో ఆయన అసలు నోరే విప్పలేదు, ఆయన భార్య ఆయన తరఫున కూడా తిట్టింది. "మీ ఇష్టం" అన్నవాడు మనసులో ఒక ఊరు పెట్టుకునే ఉంటాడు, మనం దాన్ని కనిపెట్టలేదని అలుగుతాడు.

అప్పటినుంచి నేను ఎవరినీ ఎక్కడికి పోదామని అడగలేదు. "ఏది వద్దు?" అని అడిగేవాణ్ణి. కావలసింది చెప్పడానికి మనిషికి మొహమాటం. వద్దన్నది చెప్పమనండి, తెల్లారేదాకా చెబుతాడు. వద్దన్నవన్నీ తీసేస్తే మిగిలిందే మన టూరు.

మా వైపు పల్లెల్లో అందరూ మొదట వద్దనేది హొగెనకల్ జలపాతాన్నే. "ఆ నీళ్లు మా ఇంటి వెనకాలే ఉండాయి, దానికి బస్సెందుకప్పా?" అనేవాళ్లు.

ముత్యాలవ్వ షరతు

ఎనభైల మధ్యలో ఒక ఏడు, కోతలు అయిపోయి ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, ఏరియూరు అనే పల్లె నుంచి ఒక ముసలావిడ ఒంటరిగా టౌను బస్సులో వచ్చి మా మేడ మెట్లు తడుముకుంటూ ఎక్కింది. ఒళ్లో వేరుశనక్కాయల సంచి. డెబ్బై దాటిన మనిషి. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంట్లోనూ పొగ కమ్ముకుంటోంది. డాక్టరు చూసి, ఇది ఆపరేషన్‌తో తిరిగొచ్చేది కాదని చెప్పేశాడట.

నేను తెలుగులో పలకరించేసరికి ప్రాణం లేచొచ్చినట్టు కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నాయనా, నేను సముద్రం చూడల్ల. ఈ కన్ను గూడా పోకముందర చూడల్ల. బండి కావల్ల."

"దానికేం అవ్వా, చూపిస్తా. ఎంతమంది వస్తారు?"

"నా ఇద్దరు కొడుకులు, కోడండ్లు, మనవలు, వియ్యంకులు, ఇరుగుపొరుగు. బండి నిండా జనం. అయితే ఒగ మాట. ఒగే బండి, ఒగే కుండ. నా కొడుకులు ఇద్దురూ సముద్రం ముందర పక్కపక్కన నిలబడిండేది నేను చూడల్ల. అది లేదంటే నాకు సముద్రమూ వద్దు, గిముద్రమూ వద్దు."

ఇందులో షరతు ఎక్కడుందో నాకు మొదట అర్థం కాలేదు. కొడుకులు అమ్మ పక్కన నిలబడడం కూడా ఒక కోరికేనా? అప్పుడామె మెల్లగా చెప్పింది. పెద్దవాడు రంగప్ప, చిన్నవాడు గోపాలప్ప. తండ్రి పోయాక భూమి పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు. బావి పంచుకునేచోట సండ, అదే తగాదా, వచ్చింది. మోటారు ఏ రోజు ఎవరిది అన్న దగ్గర మొదలై, మాట మాట పెరిగి, నడిమింట్లో గోడ లేచింది. అన్నదమ్ములు మాట్లాడుకుని చాలా ఏళ్లయింది. కోడళ్లు కూడా గోడకు అటొకరూ ఇటొకరూ.

"అవ్వా, నేను బస్సుల వాణ్ణి. పంచాయతీ చేసేవాణ్ణి కాదు" అన్నాను.

"పంచాయతీ పెద్దలంతా అయిపోయినారు నాయనా. ఇంక మిగిలిండేది బస్సే" అంది ముత్యాలవ్వ.

చెబితే నమ్మరు, ఆ మాటతో నేను ఓడిపోయాను. ఆమె పోయాక షణ్ముగం, ఈ కుటుంబం సగం దారిలోనే తిరిగొస్తుంది, మన పేరు చెడుతుంది, వద్దని తల అడ్డంగా ఊపాడు. తిరిగి రానివ్వనని మాటిచ్చాను. మాటైతే ఇచ్చానుగానీ, ఎలాగో నాకూ తెలియదు.

రెండు వాకిళ్లు

ఏరియూరు పోయి మొదట రంగప్ప వాకిట్లో నిలబడ్డాను. ఆజానుబాహువు, కోర మీసం, గంజి పెట్టిన పంచె. ఊళ్లో ఆయన నడిచొస్తుంటే కోడళ్లు గోడకు ఒదిగి నిలబడేవాళ్లు. విషయం చెప్పగానే, "వాడొస్తే నేను రాను" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. గోడకు అటుపక్క వాకిట్లోకి పోయాను. గోపాలప్ప చువ్వలాంటి మనిషి, మాట వడి. "ఆయనొస్తే నేను రాను" అన్నాడు. అన్నదమ్ములకు ఆ ఒక్క విషయంలో మాత్రం భలే పొత్తు కుదిరింది.

ఇలాంటప్పుడు కొత్తవాళ్లు చేసే పని రాజీ మాటలు చెప్పడం. "అన్నదమ్ములు కదా, కలిసుండాలి కదా" అని. పిల్లల్లారా, ఆ మాట ఎప్పుడూ అనకండి. అది వాళ్లకు తెలియదనుకున్నారా? నేను రంగప్పతో ఒకే మాట అన్నాను.

"సరేన్నా. అమ్మకు కండ్లు కనపడవు. ఇసకలో చెయ్యి పట్టుకుని నడిపించల్ల గదా. నువ్వు రాకపోతే పరవాలేదు, గోపాలప్ప పట్టుకుంటాడు."

రంగప్ప మీసం కదిలింది. "వాడు పట్టుకుంటాడా? అమ్మ చెయ్యి వాడు పట్టుకుంటాడా?"

అదే మాట గోడకు అటుపక్క కూడా చెప్పాను. గోపాలప్ప మర్నాడే మేడెక్కి తన ఇంటివాళ్ల పేర్లన్నీ ఇచ్చేశాడు. రంగప్ప పెద్దరికం అడ్డొచ్చి వారం తర్వాత వచ్చి ఇచ్చాడు. నేను అబద్ధం ఆడలేదు. ఎవరికి ఏ నిజం సూదిలా గుచ్చుకుంటుందో దాన్నే ఎంచి చెప్పాను. ఇది మోసమంటారా? అనుకోండి. అవ్వ టూరు ఖాయమైంది.

కదలని బస్సు

బయల్దేరే రోజు పొద్దున ఊళ్లో అందరూ బస్సు చుట్టూ చేరారు. షణ్ముగం స్వయంగా వచ్చి, తన రూలు ప్రకారం, ముందు పేరిచ్చిన గోపాలప్ప కుటుంబాన్ని ముందు సీట్లలో కూర్చోబెట్టాడు. ముత్యాలవ్వ డ్రైవరు వెనక సీట్లో. ఆమె పక్కన గోపాలప్ప భార్య కమల. నేను వెనక వంట సామాను ఎక్కించేచోట ఉన్నాను. మా వంటవాడు పెరుమాళ్ తన గుండిగలను బిడ్డల్లా చూసుకునేవాడు, ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు.

ముందువైపు గోల వినిపించి పరిగెత్తాను. రంగప్ప మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయి ఉన్నాడు. ఆయన్ను చూడగానే కమల సీట్లోంచి గభాలున లేచి, కొంగు కప్పుకుని బస్సు నేల మీద కూర్చుండిపోయింది. తమ్ముడి భార్య బావగారి ఎదుట ఎత్తు మీద కూర్చోకూడదు. ఇంట్లో ఆయన తిన్నె మీద కూర్చుంటే ఆమె లోపల ఉంటుంది. పొలంలోనైతే పక్కకు తప్పుకుంటుంది. ఇల్లు కట్టినవాళ్లకు ఈ మర్యాద తెలుసు కాబట్టి గుమ్మాలు పెట్టారు. బస్సు కట్టినవాడికేం తెలుసు? అన్ని సీట్లూ ఒకే ఎత్తు!

"లేయ్ కమలా, సీట్లో కూకో. మనం ముందర పేరిచ్చినాము" అన్నాడు గోపాలప్ప.

కమల లేవలేదు.

"తమ్ముని పెండ్లాం నా ముందర సీట్లో కూకుంటే నేను బండెక్కేది లేదు" అన్నాడు రంగప్ప, తమ్ముడితో కాదు, నాతో.

"నా పెండ్లాం నేల మీద కూకునేటట్లయితే నేను దిగిపోతా" అన్నాడు గోపాలప్ప, అన్నతో కాదు, అదీ నాతోనే.

ఈ లోపల బస్సులో ఉన్న మిగతా కోడళ్లకు తమ తమ మామలూ బావలూ గుర్తొచ్చారు. ఒక్కొక్కరే సీట్లోంచి జారి నేల మీద కూర్చున్నారు. చూస్తుండగానే సీట్లన్నీ ఖాళీ, నడవా నిండా ఆడవాళ్లు. షణ్ముగం తల పట్టుకుని, నేల మీద జనాన్ని కూర్చోబెట్టి పోతే చెక్‌పోస్టులో పట్టుకుంటారని అరవంలో అరుస్తున్నాడు. ఆ అరుపుల మధ్య ముత్యాలవ్వ గొంతు సన్నగా వినిపించింది.

"నన్ను దించేయండి నాయనా. నేను చూసినాను లే సముద్రము."

ఆమె కోపంగా అని ఉంటే బాగుండేది. బజారులో ఏదో కొనబోయి మానుకున్న మనిషిలా అంది. కర్ర కోసం చేత్తో తడుముతోంది కూడా. ఇక్కడ బస్సు కదలకపోతే ఈమె జన్మలో సముద్రం చూడదు, ఈ కొడుకులు జన్మలో మాట్లాడుకోరు అని నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

పెళ్లిలో ఏం చేస్తాం? పీటల మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఎదురెదురుగా కూర్చుంటారు. ముఖాలు చూసుకోకూడదు, లేచి పోనూకూడదు. మరి ఏం చేస్తాం?

"ఒక పంచె ఇయ్యండి! పెద్దది!" అని కేకేశాను. ఎవరికీ అర్థం కాలేదు. "తెర కడతానప్పా, తెర! పెండ్లిలో కట్టరా? ముందర మగవాళ్లు, వెనకాల ఆడవాళ్లు. తెరకు అటుపక్క ఎవరు ఏ ఎత్తున కూకుంటే ఎవరికి కనపడతాది?"

గోపాలప్ప రోషంగా తన మూట విప్పి, జరీ అంచు కొత్త పంచె ఒకటి తీసి నా ముఖాన విసిరాడు. "ఇదో, కట్టు! నా పెండ్లాం మాత్రం సీట్లోనే కూకుంటాది, చెప్తాండా!"

ఆ కొసా ఈ కొసా సామాన్ల కడ్డీలకు బిగించి కట్టాను. ఆడవాళ్లంతా కిచకిచమంటూ వెనక సీట్లలోకి పోయారు. కమల సీట్లోనే కూర్చుంది, గోపాలప్ప మాట నిలిచింది. ఆమె రంగప్పకు కనిపించలేదు, ఆయన మాటా నిలిచింది. అవ్వకు మాత్రం ముందు సీటే. తెర దగ్గరికొచ్చి రంగప్ప దాన్ని వేలితో ఒకసారి తాకి చూసి, "తెరుంటే సరి" అని గొణిగి, రెండో కాలు కూడా బస్సులో పెట్టాడు. ఆ రెండో కాలు లోపల పడ్డ శబ్దం నాకు మంగళవాద్యంలా వినిపించింది.

సంగటి

హరూరు దాటేసరికి ముందర సగం బస్సు చావిల్లు, వెనక సగం పెళ్లిల్లు. ముందు మగవాళ్లు బిర్రబిగుసుకుని కిటికీల్లోంచి చూస్తున్నారు. వెనక ఒకటే నవ్వులు, పాటలు, బొరుగుల పొట్లాల చప్పుడు. నేను మధ్యలో తెర పక్కన నిలబడి రెండువైపులా వింటున్నాను. రంగప్ప భార్య సాలమ్మ, కమల మొదట పొడి పొడిగా మాట్లాడుకున్నారు. కొండ మలుపుల్లో కమలకు కడుపులో తిప్పింది. సాలమ్మ నిమ్మకాయ కోసి చేతిలో పెట్టి, తల తన ఒళ్లో పెట్టుకుంది.

"ఎన్నాళ్లయిందే నీ తల ముట్టుకుని" అందావిడ.

సాయంత్రం తిరువణ్ణామలై సత్రంలో దిగాం. పెరుమాళ్ అన్నం, సాంబారు అన్నాడు. మా ఏరియూరు జనం ఊరుకుంటారా? రాగిపిండి మూటలు ముందు పెట్టారు. "అన్నం తిని నిద్రెట్ల పడతాదప్పా? సంగటి కావల్ల." పెరుమాళ్ ఇంటి కుండకు సంగటి కెలకగలడుగానీ, బస్సు జనానికంతా సరిపడే గుండిగలో కెలకడం అతని వల్ల కాలేదు. పిండి ఉండలు కట్టింది, తెడ్డు ఇరుక్కుంది, గుండిగ పొయ్యి మీద ఊగింది.

అప్పుడు సాలమ్మ కొంగు దోపుకుని లేచింది. సంగటి ఒక మనిషి పని కాదు. ఒకరు కొయ్యతో గుండిగను కదలకుండా అదిమి పట్టాలి, ఇంకొకరు తెడ్డు తిప్పాలి. గోడ లేవకముందు ఆ ఇంట్లో అదమడం సాలమ్మది, తిప్పడం కమలది. ఎవరూ పిలవలేదు. కమల వచ్చి తెడ్డు అందుకుంది. ఇద్దరూ పొగలో దగ్గుకుంటూ, "అదుము అక్కా", "తిప్పవే" అనుకుంటూ కెలికేశారు. పెరుమాళ్ చేతులు కట్టుకుని చూసి, ఇంక ఈ టూరుకు తన పని అయిపోయిందన్నాడు.

మగవాళ్లు తిన్నారు. అన్న ఒక స్తంభం దగ్గర, తమ్ముడు ఇంకో స్తంభం దగ్గర, వీపులు ఒకరివైపు ఒకరు తిప్పుకుని. ఇద్దరూ మారు వడ్డించమని అడిగారు. అవ్వ చిన్న ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని, "ఇది నా కోడండ్లు ఇద్దురూ చేసింది" అంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. ఒకే బండి అయింది, ఒకే కుండ అయింది. ఇంకొకటి మిగిలింది.

సముద్రం

మర్నాడు మహాబలిపురం చేరాం. ఇసకలో బస్సు దిగగానే కేకలు, ఈలలు. జన్మలో సముద్రం చూడని జనం అప్పటిదాకా ఉన్న పెద్దరికాలన్నీ బస్సులోనే వదిలేసి పరిగెత్తారు. రంగప్ప అవ్వ కుడిచెయ్యి పట్టుకున్నాడు, గోపాలప్ప ఎడమచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య అమ్మ అటూ ఇటూ ఊగుతోంది. అంత దూరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నీళ్ల అంచుకు వచ్చాక కోడళ్లకు అమ్మను అప్పగించి, అన్న ఉత్తరానికీ తమ్ముడు దక్షిణానికీ జరిగిపోయారు.

అవ్వ పాదాల మీదికి నీళ్లొచ్చాయి. ఒళ్లు జలదరించి, చిన్నపిల్లలా "అబ్బా!" అని అరిచింది. అలల వైపు ముఖం పెట్టి చాలాసేపు నిలబడింది. ఆ కంటికి ఎంత కనబడిందో దేవుడికే తెలియాలి. తర్వాత కమలను అడిగింది.

"నా కొడుకులు వచ్చినారా?"

"వచ్చినారత్తా."

"పక్కపక్కన నిలబడినారా?"

కమల నావైపు చూసింది. అవుననమని నేను కళ్లతోనే బతిమాలాను. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "రెండు ఎడ్ల బండ్లు పట్టేంత ఎడం ఉండాదత్తా" అంది.

అవ్వ మళ్లీ అలల వైపు తిరిగింది. ఇంత దూరం తీసుకొచ్చి, చివరకు ఇంతేనా? ఇంకేం అస్త్రం ఉంది నా దగ్గర? ఏమీ లేదు. టూరు మేనేజరు పని అక్కడితో సరి.

అప్పుడు పెద్ద అల ఒకటి లేచింది. ఒడ్డునున్న జాలరులు కేకలేశారు. అందరూ కేరింతలతో వెనక్కి ఉరికారు, గోపాలప్ప కూడా. రంగప్ప మాత్రం కదలలేదు. అలకు భయపడి వెనకడుగు వేయడమా? ఆయనా? మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. అల వచ్చి ఆయన్ను గుమ్మడికాయను దొర్లించినట్టు దొర్లించి, కూర్చోబెట్టి, వెనక్కి పోతూ గంజి పెట్టిన ఆ పంచెను పట్టుకుని పోయింది.

పంచె తెల్లగా తేలుతూ, కొంగ లాగా, దూరం పోయింది.

రంగప్ప మొలలోతు నీళ్లలో కూర్చుండిపోయాడు. లోపల గోచి ఉందో లేదో నేను అడగలేదు, మీరూ అడగొద్దు. ఒడ్డున తన కోడళ్లు, తమ్ముడి భార్య, వియ్యపురాళ్లు, ఊరి ఆడవాళ్లంతా వరసగా నిలబడి ఉన్నారు. తన ముందర ఎవరూ కూర్చోకూడదన్న మనిషి, ఇప్పుడు వాళ్లందరి ముందూ లేవలేక కూర్చున్నాడు! ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, తీరమంతా నవ్వులే. ఇంకో అల ఆయన గడ్డం దాకా వచ్చి పోయింది. ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరినైనా పిలవాలి. ఆ నోటికి పిలవడం ఎప్పుడో మరుపొచ్చింది.

గోపాలప్ప నవ్వలేదు. బస్సువైపు దౌడు తీశాడు. నేను అంతకు ముందూ ఆ తర్వాతా ఆ వయసు మనిషి అలా పరిగెత్తడం చూడలేదు. లోపలికెక్కి, నేను కష్టపడి బిగించిన తెరను కడ్డీల మీంచి పీకేసి, చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చి, నేరుగా నీళ్లలో దూకాడు. అన్న దగ్గరికి పోయి, ఒడ్డుకు అడ్డంగా నిలబడి, ఆ జరీ పంచెను రెండు చేతులా తెరలా చాచి పట్టుకున్నాడు.

"లేయన్నా. నేను అడ్డముండా."

అంత హోరులోనూ ఆ "అన్నా" మా అందరికీ వినబడింది. నవ్వులు టక్కున ఆగిపోయాయి.

కాసేపటికి పంచె వెనకనుంచి రంగప్ప గొంతు లేచింది. "గట్టిగా పట్టుకోరా, నా కొడకా! ఇంకో అల వస్తాంది!"

అల వచ్చింది. ఇద్దరూ కలిసే పడ్డారు. లేచి చూస్తే ఆ పంచె ఇద్దరికీ చుట్టుకుని ఉంది. రంగప్ప తమ్ముడి మెడ పట్టుకుని ఉన్నాడు, గోపాలప్ప అన్న నడుము పట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ ఉప్పునీళ్లు ఉమ్ముతూ పగలబడి నవ్వుతున్నారు.

"ఏమైందే? ఎందుకు అందురూ నవ్వినారు, ఎందుకు నిలిపినారు? ఎవరన్నా చెప్పండే!" అవ్వ కమల చెయ్యి పట్టుకుని గుంజుతోంది.

కమల నవ్వుతూ, ఏడుస్తూ, అంతా చెప్పింది. అల, పంచె, తెర, దూకడం, ఒక్కటీ విడవకుండా. నేను సినిమాలు చూశానుగానీ అంత బాగా చెప్పినవాళ్లను చూడలేదు.

"ఇప్పుడు ఎంత ఎడం ఉండాది?" అని అడిగింది అవ్వ.

"ఎడం లేదత్తా. ఒగే పంచెలో ఇద్దురూ ఉండారు."

ముత్యాలవ్వ రెండు చేతులూ ఎత్తి సముద్రానికి దండం పెట్టింది. నేను ఇసకలో కూలబడి పిచ్చివాడిలా చప్పట్లు కొట్టాను. నా పనిలో నాకు ఎవరూ మెడల్ ఇవ్వలేదు. ఆ రోజు ఇచ్చి ఉంటే వంగి తీసుకునేవాణ్ణి కాదు, నిటారుగా నిలబడి తీసుకునేవాణ్ణి!

తిరుగు ప్రయాణంలో బస్సులో తెర లేదు. అది రంగప్ప నడుముకు ఉంది. ఆడవాళ్లు తలుపు దగ్గర తటపటాయించి నిలబడ్డారు. సీట్లో కూర్చున్న రంగప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "అందురూ ఎక్కి కూకోండి. బండి కదలల్ల" అన్నాడు. కమల ఎక్కి ఒక సీటు అంచున కూర్చుంది. తిండివనం దాటాక వెనక్కి ఆనుకుంది.

మరుసటేడు

ఆ టూరు తర్వాత షణ్ముగం తన ముందు సీటు రూలు మార్చేశాడు. కుటుంబాల బస్సులో ఎవరెక్కడ కూర్చోవాలో నేనే ముందుగా ఊరికి పోయి, వాళ్ల ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూసొచ్చి చెప్పేవాణ్ణి. మీరూ అలాగే చేయండి. ఆఫీసులో కూర్చుని సీటు నంబర్లు వేసేవాడు బస్సును నింపగలడేమోగానీ ఎక్కించలేడు. ఇవాళ కోడళ్లు ఎక్కడైనా కూర్చుంటారు, సంతోషం. మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయే మనుషులు మాత్రం ఇంకా ఉన్నారు. వాళ్ల రెండో కాలు ఎక్కడ ఇరుక్కుందో కనిపెట్టడమే ఈ పని.

మరుసటేడు కోతలు అయిపోగానే మేడ మెట్లు కిర్రుమన్నాయి. చూస్తే రంగప్ప. ఈసారి గోపాలప్ప కంటే ముందే వచ్చాడు. నిలబడే, "పేర్లు రాసుకోప్పా, రామేశ్వరం పోవల్ల" అన్నాడు.

"మొదట ఎవరి పేరు రాయమంటావన్నా? నీదేనా?"

"నాది కడాన రాయి. మొదట కమల పేరు రాయి. అమ్మ పక్కన, ముందర సీటు." తర్వాత మీసం సవరించుకుని గొంతు తగ్గించాడు. "అమ్మకు ఆ కన్ను గూడా పోయింది. దోవంతా ఏమేం వస్తాండాదో ఆ పాపే చెప్పల్ల. దాని మాదిరి మాకెవరికీ చెప్పేది రాదు."

నేను కమల పేరు మొదట రాశాను.